ఊరి పేరు నిలిచింది, చేతి పేరు చెరిగింది

*1883 కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శన నుంచి నేటి ఉప్పల్ దారి దాకా తెలుగు పనితనం నడిచిన బాట*

కలకత్తాలోని చౌరంగీ వీధి 1883 డిసెంబరు 4న జనంతో కిక్కిరిసిపోయింది. వీధికి ఒక పక్క అయిదేళ్ల కిందటే ప్రజలకు తలుపులు తెరిచిన ఇండియన్ మ్యూజియం, మరో పక్క మైదానంలో ఆ ఒక్క శీతకాలం కోసం లేపిన తాత్కాలిక మండపాలు, రెంటినీ కలుపుతూ వీధి మీదుగా కట్టిన వంతెన, ఆ వంతెన కింద బారులు తీరిన గుర్రపు బగ్గీలు, పల్లకీలు కలిసి నగరం ముఖాన్నే మార్చివేశాయి. మండపాల లోపల బ్రిటన్ యంత్రాలు, ఆస్ట్రేలియా వలసల ఉన్ని మూటలు, యూరపు గాజు సామాను ఒక వైపు కొలువుతీరగా, మరో వైపు భారతదేశపు జిల్లాల నుంచి, స్వదేశీ సంస్థానాల నుంచి వచ్చిన ధాన్యాలు, నూనెగింజలు, కలప, ఖనిజాలు, నేతబట్టలు, లోహపు పనులు వరుసలు కట్టాయి. ఉత్సవాన్ని ప్రారంభించిన వైస్రాయి లార్డ్ రిప్పన్‌కు ఆ నగరంలోని యూరోపియన్లలో చాలామంది అప్పటికి ముఖం చాటేస్తున్నారు. భారతీయ న్యాయాధికారులు యూరోపియన్లను విచారించే వీలు కల్పించబోయిన ఇల్బర్ట్ బిల్లు మీద ఆ ఏడాదంతా రగిలిన ఆగ్రహం ఇంకా చల్లారలేదు. అలాంటి వేళ తెరుచుకున్న కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శన 1884 మార్చి వరకు సాగింది. పది లక్షల మందికి పైగా దాన్ని చూశారు.

ఆ బల్లల మీద ఉంచిన వస్తువులకు చీటీలు ఉండేవి. వస్తువు పేరు, దొరికే చోటు, వాడిన సరుకు, తరచుగా ధర, పంపిన సంస్థానం లేదా అధికారి లేదా వర్తకుడు ఆ చీటీల్లో కనిపించేవారు. వాటిని చేసినవారి పేర్లు మాత్రం అరుదు. హైదరాబాద్ రాజ్యపు పనితనానికీ, కోస్తా తెలుగు జిల్లాల నేతకూ పందొమ్మిదో శతాబ్దపు ప్రదర్శనలు ఏం చేశాయో తెలియాలంటే ఆ ఖాళీ గడి దగ్గరే మొదలుపెట్టాలి.

నుమాయిష్ వేళ ఒక పాత ప్రశ్న

హైదరాబాద్‌లో జనవరి వచ్చిందంటే మాట ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన మీదికి మళ్లుతుంది. నాచారం పారిశ్రామికవాడలో వారమంతా పనిచేసినవారు ఆదివారం సాయంత్రం పిల్లలతో హబ్సిగూడ మెట్రో స్టేషను చేరి, అమీర్‌పేటలో బండి మారి, నాంపల్లి మైదానంలో దుప్పట్లకూ, డ్రైఫ్రూట్లకూ, రంగులరాట్నాలకూ వెళతారు. అంత దూరం వెళ్లలేనివారికి ఉప్పల్ భగాయత్‌లో 2019లో తెరిచిన చిన్న శిల్పారామం ఉంది. అక్కడి దుకాణాల్లో చేనేత, కొయ్యబొమ్మలు, ఇత్తడి సామాను దొరుకుతాయి. దేశమంతటి సరుకును ఒక ఆవరణలో వరుసలుగా పేర్చి, టికెట్టు పెట్టి, జనాన్ని చూడమని, కొనమని పిలిచే ఈ పద్ధతి ఇప్పుడు ఎంతో సహజంగా కనిపిస్తుంది గానీ, దానికి ఒక పుట్టుక ఉంది. సంతకూ జాతరకూ ఉన్న మూలాలు వేరు, దీని మూలాలు వేరు. సంతలో అమ్మేవాడు, కొనేవాడు ఒకరికొకరు ఎదురుపడతారు. పందొమ్మిదో శతాబ్దపు ప్రదర్శనలో వస్తువు ఎదురుపడుతుంది, దాన్ని చేసిన మనిషి తెర వెనుక ఉండిపోతాడు. ఈ తేడా వ్యాపారం మీద చూపిన ప్రభావం చిన్నది కాదు.

అమ్మకానికి ఒక దేశం

అంతర్జాతీయ ప్రదర్శనల యుగం 1851లో లండన్ స్ఫటిక భవనంతో మొదలైంది. అక్కడి భారత విభాగంలో జనం తోసుకుంటూ చూసిన వస్తువు కోహినూరు. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని పరంపరగా చెప్పుకునే ఆ వజ్రం అప్పటికి రెండేళ్ల కిందటే పంజాబు నుంచి బ్రిటిష్ రాణి వశమైంది. అదే విభాగంలో బీదరు లోహపు పని, ఓరుగల్లు తివాచీలు, విశాఖపట్నం కంసాలులు దంతంతో చేసిన పెట్టెలు కూడా ఉన్నాయి. యంత్రాలతో సరుకు గుట్టలుగా తయారుచేస్తున్న బ్రిటన్‌లో ఆ రంగుల పొందిక, ఆ గీతల క్రమం చూసిన రూపశిల్పులు నివ్వెరపోయారు. మద్రాసులో 1855లోనూ 1857లోనూ దక్షిణ భారతపు ముడిసరుకులు, చేతిపనులతో ప్రదర్శనలు జరిగాయి. తెలుగు జిల్లాల కలెక్టర్లకు ఊరూరా నమూనాలు సేకరించి పంపడం అప్పటి నుంచే అలవాటు పనిగా మారింది.

కలకత్తా ప్రదర్శన ఆలోచన ప్రభుత్వానిది కాదు. ఫ్రాన్సులో పుట్టి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో స్థిరపడిన జూల్ జూబేర్ అనే వ్యాపారి దాన్ని తలకెత్తుకున్నాడు. సిడ్నీ వ్యవసాయ సంఘంలో పనిచేసి, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పట్టణాల్లో ప్రదర్శనలు నడిపి అనుభవం గడించిన అతను, వలస నగరం నుంచి వలస నగరానికి సరుకును, మండపాలను, ప్రచారాన్ని తరలించడాన్ని ఒక వృత్తిగా మలిచాడు. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ రివర్స్ టాంప్సన్ ప్రభుత్వం చేయూతనివ్వగానే ఆ వ్యాపార ప్రయత్నం అధికారిక కార్యమైంది.

అందుకు కాలం కూడా కలిసి వచ్చింది. సూయజ్ కాలువ 1869లో తెరుచుకోవడంతో యూరపు ఓడల ప్రయాణం బాగా తగ్గింది. రైలు మార్గాలు ఓడరేవుల నుంచి లోపలి జిల్లాలకు పాకాయి. అన్నిటికంటే ముఖ్యంగా, 1882 మార్చి బడ్జెటులో రిప్పన్ ప్రభుత్వం దిగుమతి సుంకాలను, అంటే పరదేశపు సరుకు రేవులో దిగినప్పుడు వసూలుచేసే పన్నులను, ఉప్పు, మద్యం, ఆయుధాలు వంటి కొద్దింటి మీద తప్ప పూర్తిగా ఎత్తివేసింది. లాంకషైరు మిల్లు బట్ట పైసా పన్ను లేకుండా కలకత్తాలో దిగుతున్న రోజుల్లో ఆ బట్టను, దాన్ని నేసే యంత్రాన్ని, దానికి కావలసిన పత్తిని ఒకే కప్పు కింద చూపించే ప్రదర్శన వచ్చింది. భారతదేశం ముడిసరుకు ఇచ్చే చోటుగా, తయారైన సరుకు కొనే చోటుగా ఎలా అమరాలో ఆ మండపాల అమరికే చెప్పింది.

అంతకు ముందు అయిదారేళ్ల సంగతి మరవరాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని, మైసూరును, హైదరాబాద్ రాజ్యాన్ని ఊపివేసిన కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు చితికిపోయాయి. పొలం పండకపోతే రైతు బట్ట కొనడు గనుక ధాన్యం ధర పెరిగిన రోజే సాలెల మగ్గం ఆగిపోయింది. ప్రదర్శనకు నమూనాలు సేకరించిన అధికారులు వెళ్లిన ఊళ్లలో చాలావాటికి ఆ గాయం ఇంకా మానలేదు. బల్ల మీద పరిచిన నున్నని చీర ముక్కలో అది కనిపించే వీలు లేదు.

> నమూనా పుస్తకాల కథ
> లండన్‌లో భారత ఉత్పత్తుల పరిశీలనాధికారిగా ఉన్న జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో భారతీయ వస్త్రాల నమూనాలతో 18 సంపుటాలు తయారు చేయించాడు. అసలు బట్టల నుంచి కత్తిరించిన 700 ముక్కలు, పక్కనే కొలత, బరువు, దొరికే చోటు రాసి అతికించిన ఆ సంపుటాలు మొత్తం 20 ప్రతులు. వాటిలో 13 బ్రిటన్‌లోని బట్టల వ్యాపార పట్టణాలకు, 7 భారతదేశానికి చేరాయి. భారతీయులు ఎలాంటి బట్ట కడతారో, తలపాగాకు ఎంత పొడవు కావాలో, చీర అంచు ఎక్కడ ఉండాలో మిల్లు యజమానులు తమ ఊళ్లోనే కూర్చుని తెలుసుకునే వీలు కల్పించడం వాటి ఉద్దేశం. వాటిని కదిలే ప్రదర్శనశాలలుగా భావించారు.

పదిహేడేళ్ల నిజాం కలకత్తాలో

ప్రదర్శన సాగుతున్న ఆ శీతకాలంలోనే హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కలకత్తా వెళ్లారు. అప్పటికి ఆయన వయసు పదిహేడేళ్లు. మూడు దశాబ్దాల పాటు రాజ్యాన్ని నడిపిన దివాను మొదటి సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరి 8న కలరాతో హఠాత్తుగా మరణించగా, నిజాం మైనారిటీ తీరి అధికారం చేపట్టడానికి కొద్ది వారాలే మిగిలాయి. హైదరాబాద్ నుంచి కలకత్తాకు ఆనాడు తూర్పు తీరం వెంబడి రైలు లేదు. బెజవాడకు నిజాం రైలు 1889లో గాని చేరలేదు, గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని తెరుచుకోలేదు. అందుచేత 1874లో వేసిన సికింద్రాబాద్-వాడి మార్గంలో పడమటికి వెళ్లి, అక్కడ బొంబాయి రైలు మార్గాన్ని అందుకుని, జబల్‌పూర్, అలహాబాద్ చుట్టి హౌరా చేరవలసి వచ్చేది. తెలుగు నేల మీది సరుకు కలకత్తా చేరాలన్నా సముద్రమార్గమో, ఈ చుట్టుదారో తప్పదు.

కలకత్తాలో ఆ రోజుల్లో హైదరాబాద్ రాజకీయమే వేడి మీద ఉంది. కొత్త దివాను ఎవరు కావాలనే చర్చ అక్కడి విడిదుల్లోనే నలిగింది. ఆ కాలంలో భారతదేశం తిరుగుతున్న ఆంగ్ల రచయిత విల్‌ఫ్రిడ్ బ్లంట్ తన దినచర్యలో ఆ మంతనాలను వివరంగా రాసుకున్నాడు. 1884 ఫిబ్రవరి 5న రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి నిజాంకు అధికారం అప్పగించగా, సాలార్‌జంగ్ కుమారుడు లాయక్ అలీ దివాను అయ్యాడు. కలకత్తాలో మండపాలు ఇంకా తెరిచే ఉన్నాయి. ఒక రాజ్యపు పాలకుడికి లభించిన ఆ మర్యాదలనూ, అదే రాజ్యపు కంసాలికి చీటీ మీద దొరకని చోటునూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రదర్శనలు ఎవరి గౌరవం కోసం ఏర్పడ్డాయో తేటతెల్లమవుతుంది.

నల్లని లోహంలో తెల్లని తీగ

నిజాం రాజ్యం పేరుతో ప్రపంచం గుర్తించిన చేతిపనుల్లో మొదటిది బిద్రీ. బీదరు పట్టణం 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోనిదే. బీదరులోనూ హైదరాబాద్ నగరంలోనూ ఆ పని నేటికీ నడుస్తోంది. హుక్కా బుడ్డి, కూజా, పాన్‌దాన్, పళ్లెం వంటి సామాను దాని పాత రూపాలు. ప్రదర్శనలో చూసినవారు దాని నలుపు తెలుపుల మెరుపును చూశారు గాని, ఆ మెరుపు వెనుక ఎన్ని చేతులు వరుసగా పనిచేస్తాయో చూడలేదు.

మొదట ఎర్రమట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు చేస్తారు. ఆ అచ్చులో తుత్తునాగం అధికంగా, రాగి కొద్దిగా కలిపిన లోహాన్ని పోత పోస్తారు. పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి అన్నది మామూలుగా చెప్పే లెక్క. చల్లారిన పాత్రను ఆకురాయితో నున్నగా రాకి, మైలుతుత్తం నీళ్లు పూస్తే పైపొర తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద చిత్రకారుడు మొనదేలిన పనిముట్టుతో పూలతీగలు గీస్తే గీత తెల్లగా కనిపిస్తుంది. గీసినదాన్ని మరొక పనివాడు చిన్న ఉలులతో లోతుగా చెక్కుతాడు. ఆ గాడిలో వెండి తీగను పొదిగి సుత్తితో కొట్టి కూర్చితే దాన్ని తారకషీ అంటారు. తీగకు బదులు వెండి రేకు పొదిగితే అది తహ్‌నిషాన్. పొదగడం అయ్యాక పాత్రను మళ్లీ రాకి మెరుగుపెడతారు. ఆ దశలో నలుపంతా పోయి, తుత్తునాగమూ వెండీ దాదాపు ఒకే తెలుపుతో కలిసిపోయి, పడ్డ శ్రమంతా అదృశ్యమైనట్లు కనిపిస్తుంది.

చివరి పని బీదరు కోట మట్టిది. కోటలో వానా ఎండా తగలని చోటు నుంచి తెచ్చిన మట్టిని నవాసారంతో, నీళ్లతో కలిపి, కొద్దిగా వేడిచేసిన పాత్రకు రుద్దితే తుత్తునాగం శాశ్వతంగా కాటుక నలుపు తేలుతుంది, వెండి మాత్రం చెక్కుచెదరదు. ఏ మట్టి పనికొస్తుందో పనివారు నాలుక మీద వేసుకుని రుచి చూసి చెబుతారు. నూనె పూసి తుడిచాక గాని పాత్ర పూర్తి కాదు. రసాయన శాస్త్రం చదివిన పరిశీలకులు ఆ మట్టిలోని లవణాల గురించి తర్వాతి కాలంలో వివరణలు ఇచ్చారు. ఆ పని చేసినవారు ఆ జ్ఞానాన్ని తండ్రి నుంచి కొడుకుకు నాలుక మీదనే అందించారు. ప్రదర్శన జాబితాల్లో ఇంత పనికీ మిగిలింది వస్తువు పేరూ ఊరి పేరూ మాత్రమే. బహుమతి పతకాలు సాధారణంగా ప్రదర్శకుడికి దక్కేవి. ప్రదర్శకుడంటే పంపినవాడు గాని చేసినవాడు కాడు.

ఓరుగల్లు ముడి, జైలు మగ్గం

తివాచీల కథ మరింత బాధాకరమైనది. 1851లో లండన్‌లో ఓరుగల్లు తివాచీలను చూసిన వారిలో పలువురు వాటి ముడుల సాంద్రతను, పాత పారశీక నమూనాలతో వాటికున్న పోలికను మెచ్చుకున్నారు. మెప్పు గిరాకీ అయింది. గిరాకీ పెరిగేసరికి యూరపు వర్తకులు తక్కువ ధర, తొందర సరఫరా అడిగారు. అదే సమయంలో దేశంలోని పలు జైళ్లలో ఖైదీల చేత తివాచీలు నేయించడం మొదలైంది. కూలి ఇవ్వనక్కరలేని ఆ మగ్గాలతో ఇంటి మగ్గం పోటీపడలేకపోయింది. ఆ జైలు తివాచీలు కూడా ప్రదర్శనలకు వెళ్లి పేరు తెచ్చుకున్నాయి. భారతీయ కళలను గౌరవించిన బ్రిటిష్ అధికారుల్లో ఒకడైన జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో వెలువరించిన తన గ్రంథంలో జైలు మగ్గాల వల్ల తివాచీ నేత దిగజారిందని గట్టిగా విమర్శించాడు. మెచ్చుకున్న చూపే ధరను కిందికి లాగి, ఆ ధరే మెచ్చుకున్న గుణాన్ని తినివేయడం ఈ ప్రదర్శనల యుగంలో తివాచీకి పట్టిన గతి.

> చిరివేరు ఎర్రదనం
> మచిలీపట్నం కలంకారీకి ఎరుపు రంగునిచ్చింది చిరివేరు అనే మొక్క వేరు. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే ఆ వేరును ఏరి, ఎండబెట్టి, దంచి, పటిక పట్టించిన బట్టతో కాచితే తరగని ఎరుపు అంటేది. జర్మనీ రసాయనవేత్తలు గ్రేబ్, లీబర్‌మన్ అదే తరహా ఎరుపును 1868లో ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడాది నుంచే అది వ్యాపార సరుకైంది. 1897లో కృత్రిమ నీలిమందు కూడా బజారుకెక్కింది. అంతర్జాతీయ ప్రదర్శనల్లో రంగు డబ్బాల బల్లలు, రంగు వేళ్ల బల్లలు ఒకే ఆవరణలో చేరాయి. వేరు ఏరిన కుటుంబాల బతుకుదెరువు క్రమంగా ఎండిపోయింది.

చేసినవారే ప్రదర్శన వస్తువులైనప్పుడు

మూడేళ్లు గడిచేసరికి చేతిపనివారు తెర ముందుకు రానే వచ్చారు, అయితే గౌరవంతో కాదు. 1886లో లండన్‌లో వలసల, భారత ప్రదర్శన పేరుతో జరిగిన మహోత్సవానికి 55 లక్షల మంది వచ్చారు. అక్కడ కట్టిన ప్రాంగణంలో నేతపనివారు, కుమ్మరి, లోహపు పనివారు వంటి ముప్పై మందికి పైగా భారతీయులు జనం చూస్తుండగా పనిచేశారు. తరతరాల వృత్తిదారులుగా వారిని లండన్ జనానికి పరిచయం చేశారు గానీ, వారిని తీసుకువెళ్లింది ఆగ్రా జైలు అధికారి. వారిలో ఎక్కువమంది ఆ జైల్లో పని నేర్చినవారు. విక్టోరియా రాణి వారిని చూసి ముచ్చటపడి, రుడాల్ఫ్ స్వొబోడా అనే చిత్రకారుడి చేత వారి బొమ్మలు వేయించింది.

అదే ప్రదర్శనకు అధికార హోదాలో వెళ్లిన బెంగాలీ పండితుడు త్రైలోక్యనాథ్ ముఖర్జీ అనుభవం మరొక రకం. భారతీయ చేతిపనుల మీద పుస్తకాలు రాసి, ఏ వస్తువు ఎక్కడ ఎలా తయారవుతుందో ఆ ప్రదర్శనలో వివరించగల కొద్దిమందిలో ఒకడైన ఆయన, సందర్శకులు బల్ల మీది వస్తువులను వదిలి తనను, తన తోటివారిని విడ్డూరంగా చూసిన తీరును 1889లో వెలువడిన తన యూరపు యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. తెలిసినవాడినీ చేసినవాడినీ కూడా వింత వస్తువుల వరుసలో నిలబెట్టిన ఆ చూపును ఆయన కోపంతో కాక నింపాదిగా వర్ణించాడు. అందుకే ఆ పుటలు చదివినవారిని ఈనాటికీ కలవరపెడతాయి.

పది లక్షల మంది వెళ్లిపోయాక

కలకత్తా మండపాలు 1884లో విప్పేసినా, వాటి ఫలితం కాగితం మీద నిలిచింది. ప్రదర్శన కోసం ఆర్థిక ఉత్పత్తుల జాబితా సిద్ధం చేసిన జార్జ్ వాట్ ఆ పనినే పెంచి 1889 నుంచి 1893 వరకు భారత ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువు వెలువరించాడు. ఆముదం నుంచి నువ్వుల దాకా, చిరివేరు నుంచి నీలిమందు దాకా, ఏ మొక్క ఏ జిల్లాలో పండుతుంది, స్థానిక భాషల్లో దాన్ని ఏమంటారు, దేనికి వాడతారు అన్న వివరాలతో నిండిన ఆ సంపుటాలు నేటి వృక్షశాస్త్రులకు కూడా గని వంటివి. గ్రామాల్లో రైతులు, వైద్యులు, రంగురేజులు చెప్పిన సంగతులే వాటికి ఆధారం.

ప్రదర్శనకు మరో ఫలితం ఎదురు దిశలో వచ్చింది. అదే 1883 డిసెంబరు చివరి వారంలో, నగరం సందర్శకులతో నిండి ఉండగా, సురేంద్రనాథ్ బెనర్జీ బృందం కలకత్తాలో జాతీయ సమావేశం జరిపింది; రెండేళ్ల తర్వాత కాంగ్రెస్ పుట్టింది. 1901లో కలకత్తాలోనే కాంగ్రెస్ మహాసభతో పాటు స్వదేశీ పారిశ్రామిక ప్రదర్శన జరగడంతో ప్రదర్శన అనే పద్ధతి చేతులు మారింది. విదేశీ కొనుగోలుదారుకు దేశాన్ని చూపిన బల్లలే దేశీయులకు తమ సరుకును చూపడం మొదలుపెట్టాయి.

హైదరాబాద్‌లో ఆ మార్పు 1938లో వచ్చింది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం ఆర్థిక సమితి పూనుకొని పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ మస్నూఆతే ముల్కీ, అంటే సొంత రాజ్యపు తయారీ వస్తువుల ప్రదర్శన నిర్వహించగా, ఏడో నిజాం దాన్ని ప్రారంభించారు. నిజాం పారిశ్రామిక ధర్మనిధి 1929లో ఏర్పడి మిల్లులకు మూలధనం సమకూరుస్తున్న కాలమది. ఓరుగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. సొంత రాజ్యపు సరుకు కొనండి అన్న పిలుపుకు వెనుక సొంత కర్మాగారాలు లేస్తున్నాయి. 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్, రెండేళ్ల విరామం తర్వాత 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. నేటికీ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు సాగే ఆ ప్రదర్శన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా

తార్నాక నుంచి ఉప్పల్‌కు వెళ్లే దారి ఈ కథకు కొనసాగింపు. కలకత్తా బల్లల మీద చీటీ తగిలించి ఉంచిన నూనెగింజలు, బొగ్గు, ఖనిజాలు, వాటిని చూసి ఇతరులు ఏం తయారు చేసుకోవాలో నిర్ణయించడానికి ఉపయోగపడ్డాయి. ఇక్కడ 1944లో నిజాం ప్రభుత్వం పునాది వేసిన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కేంద్ర ప్రయోగశాల ఆ వరుసను తిరగరాసింది. తెలంగాణ మెట్ట చేలల ఆముదం, సింగరేణి బొగ్గు ఇక్కడే పరిశీలనకు వచ్చాయి, వాటితో ఏం చేయవచ్చో ఇక్కడివారే తేల్చారు. ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలగా మారి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందినది అదే. ఆ దారిలోనే 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. దేశపటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా 1967లో ఉప్పల్‌లో శిక్షణ కేంద్రం నెలకొల్పింది. ఈ మూడింటి శాస్త్రాలూ వలసపాలనలో పాలకుల లెక్కల కోసం ఇక్కడికి వచ్చినవే.

ప్రయోగశాలల పక్కన నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు పెరిగాయి. మందుల తయారీ, ఇంజినీరింగ్ విడిభాగాలు, దుస్తుల కుట్టుపని వంటి పనుల్లో తెలంగాణ పల్లెలవారితో పాటు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారు షిఫ్టులు మారుస్తుంటారు. సాయంత్రం నాచారం కూడలిలో టీ బండ్ల దగ్గర మూడు నాలుగు భాషలు వినిపిస్తాయి. వారి చేతి మీదుగా వెళ్లిన డబ్బా మీద సంస్థ పేరు, తేదీ, సంఖ్య ఉంటాయి. యంత్రపు పనికి అది సహజమే కావచ్చు. చేతిపనికి మాత్రం అదే కొలత వర్తింపజేయడం అన్యాయం. ఎందుకంటే అక్కడ ఒక మనిషి ఒడుపే సరుకు విలువ.

ఉప్పల్ కూడలిని ఊరి చివరి బస్సు స్టాపుగా మాత్రమే చూసేవారు ఒక సంగతి గమనించరు. పాత ఓరుగల్లు దారి ఇక్కడి నుంచే తూర్పుకు సాగుతుంది. ఆ దారి పట్టిన బస్సుల్లో ఎక్కితే పోచంపల్లి చిటికి నేత, ఆలేరు ప్రాంతపు మగ్గాలు, పెంబర్తి ఇత్తడి పని, ఓరుగల్లు దరీలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పోచంపల్లిలో చిటికి పని, అంటే నూలును ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేయడం, 1915 ప్రాంతంలో చీరాల వైపు నుంచి వచ్చినదని చెబుతారు. కలకత్తా ప్రదర్శన నాటికి అక్కడ అది లేనే లేదు. చేతిపనులన్నీ ఆనాటితోనే అంతరించాయన్న మాట ఎంత అసంపూర్ణమో ఆ ఊరే సాక్ష్యం.

ఆ దారిలోనే ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం పుట్టాడు. చిటికి కట్టే ముందు నూలును మేకుల మధ్య అటూ ఇటూ చుట్టే ఆసు పనిలో ఒక్కో చీరకు గంటల తరబడి, వేల సార్లు చేయి ఆడించవలసి వచ్చేది. ఆ పని చేసే ఇంటి ఆడవారికి భుజం నొప్పి జీవితాంతం తప్పేది కాదు. తల్లి పడ్డ ఆ బాధ చూసిన మల్లేశం ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరు పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రంగా అది వందల ఇళ్లకు చేరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కలకత్తా చీటీల్లో కనిపించని ఆ తరగతి మనిషి ఒకామె పేరు ఇలా ఒక పనిముట్టుకు అంటిపెట్టుకుని నిలిచింది.

చట్టం కూడా కొంత దిద్దుబాటు చేసింది. 1999లో వచ్చి 2003 నుంచి అమలైన భౌగోళిక గుర్తింపు చట్టం, ఫలానా ఊరి పేరుతో అమ్మే సరుకు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలోనే తయారై ఉండాలని చెబుతుంది. పోచంపల్లి చిటికి నేతకు 2005లో, బిద్రీకి 2006లో, ఓరుగల్లు దరీలకు 2018లో ఆ గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు మళ్లీ ఊరి పేరుకే దక్కినా, అధీకృత వాడుకరిగా ఒక్కో నేతపనివారు తమ పేరు నమోదు చేసుకునే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ నమోదు మగ్గం దాకా చేరితే తప్ప చట్టం సగమే పనిచేసినట్లు. నేత సహకార సంఘాలు పట్టుబట్టవలసింది అక్కడే.

ఎందుకంటే 1866 నాటి నమూనా పుస్తకం చేసిన పనిని ఇప్పుడు అచ్చు యంత్రాలు చేస్తున్నాయి. పోచంపల్లి నమూనాను మిల్లు బట్ట మీద అద్ది, పోచంపల్లి పేరుతోనే అయిదో వంతు ధరకు అమ్మేవారు నగరంలో తక్కువేమీ కాదు. ఉప్పల్ శిల్పారామంలోనో నాంపల్లిలోనో చీర కొనేవారు దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. నూలుకు ముందే రంగు పట్టించి నేసిన చీర రెండు వైపులా ఒకే గాఢతతో ఉంటుంది, రంగు మారే చోట అంచు కొద్దిగా చెదిరి ఈకలా పాకుతుంది. అచ్చు వేసినదాని వెనుక వైపు వెలిసినట్లుంటుంది, అంచు కత్తితో కోసినట్లు నిలుస్తుంది. ఆ తర్వాత బిల్లు మీద సహకార సంఘం పేరుతో పాటు నేసినవారి పేరు కూడా రాసి ఇమ్మని అడగవచ్చు. కొన్ని దుకాణాల్లో అమ్మేవారే నేసినవారు గనుక ఆ పేరు అక్కడికక్కడే దొరుకుతుంది.